గాలికి ఊగే మేడ

పిల్లలూ, గాలికి చెట్లు ఊగుతాయని మీకందరికీ తెలుసు. వెదురు బొంగు ఊగుతుంది, కొబ్బరిచెట్టు ఊగుతుంది. మరి ముప్ఫై నలభై అంతస్తుల మేడ ఊగుతుందా?

ఈ ప్రశ్న నన్ను అడిగినది మా బుజ్జి. బుజ్జి నా మనుమరాలు, ఆరవ తరగతి చదువుతున్నది. వాళ్ళు హైదరాబాదులో ఒక పెద్ద మేడలో 31వ అంతస్తులో ఉంటారు. కిందటి వేసవిలో నేను అక్కడ నెల రోజులు ఉన్నాను. ఒకనాటి రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. కిటికీ సందుల్లోంచి గాలి ఈల వేయసాగింది. లిఫ్టు వైపునుంచి ఎవరో మూలుగుతున్నట్టు చప్పుడు. ఎక్కడో ఒక తలుపు ధడాలున మూసుకున్నది. బుజ్జి లేచివచ్చి నా మంచం మీద కూర్చుని, "తాతయ్యా, మేడ ఊగుతున్నదా?" అని అడిగింది.

"లేదమ్మా! ఇంత పెద్ద మేడ ఎక్కడైనా ఊగుతుందా? కొండలాగా ఉంటుంది. పడుకో," అన్నాను.

ఆ పిల్ల పడుకుని హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. నేను చెప్పినది అబద్ధం. మేడ ఊగుతుందని నాకు తెలుసు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు సైన్సు చెప్పిన మనిషిని, సొంత మనుమరాలు అడిగితే తెలిసి తెలిసి తప్పు చెప్పాను.

తెల్లవారి కాఫీ తాగుతూ, "అమ్మడూ, రాత్రి నేను చెప్పినది నిజం కాదు. మేడ ఊగుతుంది," అన్నాను.

"మరి ఊగదని ఎందుకు చెప్పావు?"

"నువ్వు భయపడతావని."

"ఇప్పుడు భయపడనా?" అన్నది బుజ్జి.

దానికి నా దగ్గిర జవాబు లేదు. అందుచేత ఆ రోజు కూర్చోబెట్టి, మొదటినుంచి అంతా చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

గాలికి బరువు ఉన్నదంటే చాలామంది నమ్మరు. ఒక మీటరు పొడుగు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న పెట్టెలో పట్టే గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. మన తల మీద ఆకాశమంత ఎత్తున ఈ గాలి పేరుకుని ఉన్నది గనక, ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు మోపుతున్నది. మీ అరచేతి మీద కొన్ని డజన్ల కిలోల ఒత్తిడి ఉన్నది! చెయ్యి ఎందుకు కిందికి పోదంటే, కిందివైపునుంచి కూడా గాలి అంతే బలంగా పైకి నెడుతున్నది. రెండువైపులా సమానంగా ఉన్నంతసేపు గాలి ఒత్తిడి మనకు తెలియనే తెలియదు. ఒకవైపు తగ్గిందంటే మాత్రం తమాషా మొదలవుతుంది.

పైకి పోయినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. వంద మీటర్లు ఎక్కితే వందలో ఒక వంతుకు కొంచెం మించి తగ్గుతుంది. బుజ్జి వాళ్ళ లిఫ్టులో రయ్యిమని పైకి పోయేటప్పుడు నా చెవులు దిబ్బడ వేసేది ఇందుకే. గుటక వేస్తే పోతుంది. ఈ కొద్ది తేడా మేడను ఏమీ చెయ్యదు. మేడలను పట్టి ఊపేది కదిలే గాలి.

కదిలే గాలికి ఒక లెక్క ఉన్నది. అది గుర్తు పెట్టుకుంటే చాలు, తక్కినదంతా అర్థమవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి ఒక చదరపు మీటరు మీద సుమారు 6 కిలోల బరువంత ఒత్తుతుంది. వేగం రెట్టింపై 72 అయిందనుకోండి. ఒత్తిడి 12 కిలోలు అవుతుందని బుజ్జి చెప్పింది. మీలో కూడా చాలామంది అలాగే చెబుతారు. కాదు, 24 కిలోలు అవుతుంది. వేగం రెండింతలైతే ఒత్తిడి నాలుగింతలు, వేగం మూడింతలైతే ఒత్తిడి తొమ్మిదింతలు. తుఫానులో గాలి 180 కిలోమీటర్లకు పోతే ప్రతి చదరపు మీటరు మీద 150 కిలోలు! ఒక మామూలు తలుపు మీద ఎంత పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

పైగా నేలమీద చెట్లు, ఇళ్ళు, గోడలు గాలికి అడ్డుపడి దాన్ని నెమ్మది చేస్తాయి. పైన ఆ అడ్డం లేదు. అందుచేత కింద వీధిలో ఆకులు కదిలించే గాలి 31వ అంతస్తులో ఆరేసిన దుప్పటిని ఎగరేసుకుపోతుంది. ఈ సంగతి మా కోడలు నాకంటె బాగా చెప్పగలదు. ఆమె ఇంతవరకు రెండు దుప్పట్లు పోగొట్టుకున్నది.

ఇక, గాలి మేడను నెట్టడం మాత్రమే చేస్తుందని అనుకోకండి. ఎదురుగోడను నెడుతుంది, సరే. మేడ అంచులు దాటి పక్కలనుంచి, పైకప్పు మీదనుంచి వడిగా తప్పుకుపోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గిపోతుంది. వెనకవైపున కూడా తగ్గుతుంది. లోపలి గాలి మాత్రం మామూలు ఒత్తిడితో ఉన్నది గనక బయటికి తోస్తుంది. అందుకే పెద్ద గాలిలో అద్దాలు ఎన్నోసార్లు లోపలికి కాక బయటికి ఊడిపోతాయి. పైకప్పులు కిందికి కూలడానికి బదులు పైకి లేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గిర తీరం దాటినప్పుడు అక్కడి విమానాశ్రయం కప్పు దెబ్బతిన్నది. ఊళ్ళో ఎన్ని అద్దాలు పోయాయో లెక్కలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఇది బుజ్జికి చెప్పిన అబద్ధంకంటె చాలా పెద్దది.

1996 నవంబరు 6వ తేదీన కోనసీమ మీదుగా పెను తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలాయి. అప్పుడు నేను ఆ ప్రాంతంలో ఒక పల్లెటూరి బడిలో సైన్సు మాస్టర్ని. సాయంకాలానికి గాలి హెచ్చింది. పూరిళ్ళలో ఉండేవాళ్ళు పిల్లలను, మూటలను, కోళ్ళను పట్టుకుని బడికి వచ్చారు. అరవైమంది దాకా ఉంటారు. బడి గోడలు ఇటుకవి. పైన సిమెంటు రేకులు, కొక్కేలతో దూలాలకు బిగించినవి.

ఒక పెద్దాయన, "మాస్టారూ, కిటికీలు మూసేద్దామా?" అని అడిగాడు.

"వద్దు, తెరిచి ఉంచండి," అన్నాను.

ఎందుకు అన్నానో వినండి. తుఫాను నడిమధ్య వాతావరణపు ఒత్తిడి బాగా తగ్గిపోతుంది. అది నిజమే. బయట ఒత్తిడి తగ్గితే, లోపలి గాలి ఇంటిని బుడగలాగా పగలగొడుతుందనీ, కిటికీలు తెరిచి ఉంచితే లోపలా బయటా సమానమవుతుందనీ ఎక్కడో చదివాను. చాలా తెలివైన మాటలాగా కనిపించింది. సైన్సు మాస్టర్ని గనక నాకెవరూ ఎదురు చెప్పలేదు.

గాలి ఉత్తరంనుంచి కొడుతున్నది. ఉత్తరపు కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. కాసేపటికి కప్పు డప్పు కొట్టినట్టు మోగసాగింది. తరవాత ఒక మూల రేకు లేచింది. దాని వెంట పది రేకులు, గాలిపటాలలాగా పైకి లేచి చీకట్లో కలిసిపోయాయి. ఒక రేకు మాత్రం విరిగి, దాని ముక్క ఏడవ తరగతి కుర్రవాడి భుజం మీద పడింది. వాడి జబ్బ ఎముక విరిగింది.

నేను చదివిన మాట ఎక్కడ తప్పింది? తుఫానులో ఒత్తిడి తగ్గడానికి గంటలు పడుతుంది. మన ఇళ్ళకు తలుపు సందులు, కిటికీ సందులు, చూరు సందులు ఎన్నో ఉంటాయి. ఆ సందుల్లోంచే లోపలి గాలి తనంతట తాను సర్దుకుంటుంది. ఏ ఇల్లూ బుడగలాగా పగలదు. కాని గాలికి ఎదురుగా ఉన్న కిటికీ తెరిస్తే ఏమవుతుంది? గాలి లోపలికి జొరబడి, పోవడానికి తోవ లేక, కప్పును కిందినుంచి పైకి తోస్తుంది. బయటినుంచి కప్పును గాలి పైకి పీకనే పీకుతున్నది. రెండూ ఒకే దిక్కు! కిటికీ తెరిచి నేను తుఫానుకు సాయం చేశాను.

కొంతసేపటికి గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. నక్షత్రాలు కూడా కనిపించాయి. తుఫాను వెలిసిందని జనం ఇళ్ళకు బయలుదేరారు. నేను వాకిట్లో అడ్డంగా నిలబడి, "ఇది వెలవడం కాదు. మనం తుఫాను కన్నులో ఉన్నాం. గాలి మళ్ళీ వస్తుంది, ఈసారి దక్షిణంనుంచి," అని కేకలు వేశాను. నేను కిటికీల విషయం తప్పు చెప్పానని అందరికీ తెలుసు. అయినా నా మాట విని ఎదురుగా ఉన్న డాబా ఇంటిలోకి వచ్చారు. ఆ కుర్రవాడిని వాళ్ళ నాన్న ఎత్తుకు వచ్చాడు. అరగంట తరవాత గాలి దక్షిణంనుంచి మొదటికంటె బలంగా కొట్టింది. బడి గోడ ఒకటి పూర్తిగా పడిపోయింది.

మరుసటి సంవత్సరం బడిలో ఒక సుద్దముక్కల పెట్టె తీసుకుని, పక్కన కిటికీలాగా కంత చేసి, పైన అట్టముక్క మూతగా పెట్టి, టేబిలు ఫాను ముందు ఉంచాను. కంత ఫానువైపు తిప్పితే మూత ఎగిరిపడింది. వెనకవైపు తిప్పితే లేవలేదు. ఈ ప్రయోగం మీరు కూడా ఇంట్లో చేసి చూడవచ్చు. తుఫానుకు ముందు చేసి ఉంటే బాగుండేది.

ఆ కుర్రవాడు ఇప్పుడు నడివయస్సువాడు. ఆ మధ్య కనిపించి, "ఆ గాలికి ఎలాగైనా ఎగిరేదేలెండి మాస్టారూ," అన్నాడు. కావచ్చు. కాని కిటికీలు తెరవమన్నది నేను.

ఇదంతా విని బుజ్జి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఈ మేడలు కట్టే పెద్ద ఇంజనీర్లు కూడా తప్పు చేస్తారా?" అని అడిగింది.

చేస్తారు. అమెరికాలో న్యూయార్కు నగరంలో 1977లో సిటీకార్ప్ సెంటర్ అనే మేడ కట్టారు. 59 అంతస్తులు, 279 మీటర్ల ఎత్తు. ఆ స్థలంలో ఒక మూల చర్చి ఉన్నది. మేడ కట్టుకోండి గాని అదే మూలలో మాకు కొత్త చర్చి కట్టి ఇవ్వాలి అన్నారు చర్చివాళ్ళు. అందుచేత మేడకు మూలల్లో స్తంభాలు పెట్టడానికి లేకపోయింది. విలియం లెమెజరియర్ అనే ఇంజనీరు స్తంభాలను నాలుగు పక్కల నడిమధ్య పెట్టి, తొమ్మిది అంతస్తుల ఎత్తున మేడను వాటి మీద నిలబెట్టాడు. ఏటవాలుగా పెద్ద పెద్ద ఉక్కు దూలాలు వేసి బరువంతా ఆ స్తంభాల మీదికి దింపాడు. అందరూ మెచ్చుకున్నారు.

1978లో ఆయనకు ఒక ఫోను వచ్చింది. చేసినది ఒక విద్యార్థి. స్తంభాలు నడిమధ్య ఉన్నాయి గదా, మేడ గాలికి నిలుస్తుందా అని ప్రశ్న. లెమెజరియర్ విసుక్కోకుండా వివరంగా చెప్పాడు. చెప్పిన తరవాత ఆయనకే మళ్ళీ లెక్క చూడాలని బుద్ధి పుట్టింది. మామూలుగా గాలి గోడకు ఎదురుగా కొడుతున్నట్టు లెక్క కడతారు. మూలకు కొడితే? మీ ఇంట్లో బల్ల కాళ్ళు మూలల్లో ఉంటాయి. అవి నాలుగు అంచుల మధ్య ఉంటే, ఒక మూల నొక్కితే బల్ల ఎంత సులువుగా ఒరుగుతుందో ఊహించుకోండి. మూలగాలికి కొన్ని దూలాల మీద భారం నూటికి 40 వంతులు హెచ్చుతుందని ఆయన లెక్కలో తేలింది. దీనికి తోడు, దూలాల అతుకులను తాను అనుకున్నట్టు వెల్డింగు చెయ్యలేదనీ, ఖర్చు తక్కువని బోల్టులతో బిగించారనీ ఆయనకు అంతకుముందే తెలిసింది. బోల్టులతో ఆ అతుకులు పెద్ద తుఫానుకు ఆగవు. సగటున పదహారేళ్ళకు ఒకసారి వచ్చేపాటి గాలి చాలు, మేడ పడిపోవచ్చునని ఆయనకు తోచింది.

ఈ సంగతి ప్రపంచంలో ఆయన ఒక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే పేరు నిలుస్తుంది. చెబితే పేరు పోవచ్చు, ఆస్తి పోవచ్చు. ఆయన వెళ్ళి ఒక సరస్సు మధ్య ద్వీపంలో తన ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. తిరిగివచ్చి మేడ నమూనా గీసినవారికీ, బ్యాంకు పెద్దలకూ అంతా చెప్పేశాడు. బ్యాంకువారు ఆయనను తిట్టలేదు. వెంటనే పని మొదలు పెట్టమన్నారు. పగలు గుమాస్తాలు పని చేసుకునేవారు. రాత్రి కాగానే వెల్డింగు మనుషులు వచ్చి, అతుకు అతుకు మీదా రెండు అంగుళాల మందం ఉక్కు పలకలు అతికేవారు. తెల్లవారేలోపల ఊడ్చి తుడిచి వెళ్ళిపోయేవారు. పని సగంలో ఉండగా సెప్టెంబరులో ఎల్లా అనే తుఫాను న్యూయార్కు వైపు బయలుదేరింది. జనాన్ని ఖాళీ చేయించే ఏర్పాట్లు కూడా ఆలోచించారు. అదృష్టవశాత్తు తుఫాను సముద్రంలోకి తిరిగిపోయింది. ఆ తరవాత పని పూర్తి అయింది, మేడ నేటికీ నిలిచి ఉన్నది.

ఈ కథలో నాకు నచ్చని భాగం ఒకటి ఉన్నది. ఇదంతా మామూలు జనానికి తెలియనివ్వలేదు. ఆ మేడలో పని చేసేవారికీ, చుట్టుపక్కల వీధుల్లో ఉండేవారికీ చెప్పలేదు. 1995లో ఒక పత్రికలో అచ్చయితే గాని బయటపడలేదు. జనం భయపడతారని చెప్పలేదట. అది వినగానే బుజ్జి నావైపు చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

సరే, మేడ ఊగుతుందన్నాం. అసలు ఊగకుండా బిర్రుగా కట్టవచ్చు గదా అంటారేమో. ఎంత బిర్రుగా కట్టినా కొంచెమైనా వంగక తప్పదు. వంగి, తిరిగి తన చోటికి రావాలి. మేడ ఎంత ఎత్తు ఉన్నదో అందులో 500వ వంతుకు మించి పైభాగం కదలకుండా చూడడం ఇంజనీర్ల ఆనవాయితీ. బుజ్జి వాళ్ళ మేడలాంటివాటిలో మామూలు గాలికి కలిగే కదలిక మనిషికి తెలియను కూడా తెలియదు.

అసలు చిక్కు ఇంకొకటి ఉన్నది. కాలవలో పాతిన గుంజను చూడండి. దాని వెనక నీటిలో సుడులు పుడతాయి. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, మళ్ళీ కుడివైపు, తాళం వేసినట్టు. మేడ వెనక గాలిలో కూడా ఇలాగే సుడులు పుట్టి, మేడను అటొకసారి ఇటొకసారి లాగుతాయి. ఉయ్యాలను సరి అయిన అదనులో చిన్న వేలితో నెట్టినా ఎంత ఎత్తుకు పోతుందో మీకు తెలుసు. సుడుల తాళం, మేడ ఊగే తాళం ఒకటైతే చిన్న గాలి కూడా మేడను పెద్దగా ఊపుతుంది.

దీనికి విరుగుడు, గాలికి తాళం చిక్కకుండా చెయ్యడమే. దుబాయిలో 2010లో తెరిచిన బుర్జ్ ఖలీఫా మేడ ఎత్తు 828 మీటర్లు. అది పైకి పోయినకొద్దీ మెట్లు మెట్లుగా, మెలి తిరిగినట్టు సన్నబడుతుంది. ఒక్కొక్క ఎత్తున ఒక్కొక్క వెడల్పు ఉండటంచేత సుడులన్నీ ఒకే తాళంలో పుట్టలేవు. ఫ్యాక్టరీల ఉక్కు పొగగొట్టాలకు పైన మరచుట్టులాగా రేకు చుట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. అది అలంకారం కాదు, ఇందుకే.

తైవాను దేశంలో తైపే 101 అనే మేడ ఉన్నది. దాని పై అంతస్తుల్లో 660 టన్నుల ఉక్కు గుండు ఒకటి లావుపాటి తీగలతో వేలాడగట్టారు. మేడ ఒకవైపు ఒరిగితే గుండు వెనకబడి, మేడ ఊపును తాను మింగుతుంది. 2015 ఆగస్టులో పెద్ద తుఫాను వచ్చినప్పుడు ఆ గుండు దాదాపు ఒక మీటరు ఊగింది. ఆ గుండును జనం వెళ్ళి చూడవచ్చు. బుజ్జి ఫోనులో దాని బొమ్మ చూసి, "మన మేడలో కూడా ఉన్నదా?" అన్నది. లేదమ్మా, ఇంతపాటి ఎత్తుకు అక్కరలేదు అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

నేను ఊరికి బయలుదేరే ముందురోజు బుజ్జి ఒక దారానికి నట్టు కట్టి తలుపు చట్రానికి వేలాడదీసింది, మేడ ఊగితే అది ఊగుతుందని. సాయంకాలానికి, "ఊగుతున్నది తాతయ్యా!" అని పరుగెత్తుకు వచ్చింది. వెళ్ళి చూద్దును గదా, బాల్కనీ తలుపు తెరిచి ఉన్నది. ఊపినది మేడ కాదు, తలుపులోంచి వచ్చే గాలి. నేనేమీ చెప్పలేదు. కొంతసేపు చూసి, తనే వెళ్ళి వంటింట్లోంచి పచ్చళ్ళ గాజుసీసా తెచ్చింది. కడిగి తుడిచి, నట్టును దానిలోపల వేలాడదీసి, మూత బిగించింది. ఆ సీసా ఇప్పుడు కిటికీ పక్కన అలమారు మీద ఉన్నది. మొన్న ఫోను చేస్తే, నట్టు ఇంతవరకు కదలలేదని చెప్పింది. మళ్ళీ గాలివాన వచ్చినప్పుడు తనను నిద్ర లేపమని వాళ్ళ అమ్మతో చెప్పి ఉంచిందట.